హనుమకొండ: గీజరు వేస్తే పది నిమిషాలకు ఎం.సి.బి. పడిపోతోంది, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది

పద్మాక్షి_గుట్ట_కింద
నవంబరు 17, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఇంట్లో మా అత్తయ్యకు 78 ఏళ్లు. కార్తీకమాసం కదా, తెల్లవారుజామున అయిదింటికల్లా తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెడితే గాని ఆమెకు మనసు నిలవదు. మార్చి తరువాత ముట్టుకోని గీజరును మొన్న శనివారం మొదటిసారి వేశాను. పది నిమిషాలు బాగానే నడిచి టక్కుమని ఎం.సి.బి. (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే మీట) పడిపోయింది. మళ్లీ ఎత్తితే మళ్లీ పది నిమిషాలు, మళ్లీ అదే తంతు.

నిన్న అత్తయ్య కుళాయి తిప్పబోయి చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నారు. "గండు చీమ కుట్టినట్టు జివ్వుమందే" అన్నారు. నేను చెప్పులతో ఉండి ముట్టుకుంటే నాకేమీ తెలియలేదు. మావారు టెస్టరు పెట్టి చూస్తే కుళాయి మీద దీపం సన్నగా వెలిగింది. అప్పటి నుంచి గీజరు ఆపేశాము.

గీజరు 15 లీటర్లది, కొని ఏడేళ్లయింది. మావి బోరు నీళ్లు. ఇల్లు కట్టి 20 ఏళ్లు. ఫోను చేస్తే ఒక మెకానిక్ ఇంటికి రాకుండానే "ఎం.సి.బి. చిన్నది, 32 ఆంపియర్లది వేస్తే సరిపోతుంది" అన్నారు. అది సరైన సలహాయేనా? దయచేసి తెలిసినవారు చెప్పండి.


స్విచ్చు_బోర్డు
నవంబరు 17, రాత్రి 9:14

అమ్మా, నేను కాజీపేటలో 22 ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. ముందుగా ఆ గీజరు ప్లగ్గు కూడా పీకేయండి, స్విచ్చు ఆపితే చాలదు. 32 ఆంపియర్ల మాట అసలు వినకండి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద తీసుకునేది దాదాపు 8.7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి ధారాళంగా సరిపోతుంది. గోడలోని వైరు మార్చకుండా ఎం.సి.బి. ఒక్కటీ పెంచితే, ఏదైనా జరిగినప్పుడు ఎం.సి.బి. పడదు, గోడలో వైరు కాలుతుంది.

మీరు చెప్పిన దాంట్లో నాకు రెండు వేర్వేరు జబ్బులు కనిపిస్తున్నాయి. షార్టు అయితే వేసిన క్షణంలోనే పడిపోతుంది. పది నిమిషాలు ఆగి పడుతోందంటే ఎక్కడో వేడెక్కుతోంది. నూటికి తొంభై సార్లు ఎం.సి.బి. కింద స్క్రూ వదులై, అక్కడ వైరు సరిగ్గా పట్టుకోక వేడి పుడుతుంది. మీటల పెట్టె విప్పి చూస్తే ఆ వైరు తొడుగు గోధుమరంగులోకి మారి ఉంటుంది. ఇది మొదటిది.

రెండోది కుళాయి. హీటింగ్ రాడ్డు పైనున్న గొట్టం ఎక్కడో చిట్లి ఉంటుంది. లోపల తీగకు నీళ్లు తగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. ఎర్తు (కారిన కరెంటును భూమిలోకి పంపే వైరు) సరిగ్గా ఉంటే అది ఎర్తులోకి పోవాలి. మీ అత్తయ్యగారి చేతికి తగిలిందంటే పోవడం లేదు. అంటే మీ బాత్రూం సాకెట్టుకు ఎర్తు అందడం లేదు. నన్ను అడిగితే గీజరు కంటే అదే పెద్ద విషయం. ఆమె తడికాళ్లతో, వట్టికాళ్లతో ఉన్నారు కాబట్టి తెలిసింది. మీరు చెప్పుల మీద ఉన్నారు కాబట్టి తెలియలేదు.


కరీంనగర్_కిరాయి
నవంబరు 17, రాత్రి 9:31

అన్నా, ఎర్తు ఉందో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? సాకెట్టులో మూడు రంధ్రాలు ఉంటే ఉన్నట్టే కదా?


స్విచ్చు_బోర్డు
నవంబరు 17, రాత్రి 9:38

కాదు తమ్ముడూ. పైనున్న పెద్ద రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక వైరు ఉన్నట్టు కాదు. మేము హోల్డరు బల్బుతో చూస్తాము. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య బల్బు ఎంత కాంతిగా వెలుగుతుందో, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా అంతే కాంతిగా వెలగాలి. మసకగా వెలిగితే ఎర్తు బలహీనం, వెలగకపోతే లేనట్టే. దీన్ని మీరు సొంతంగా చేయకండి, పని తెలిసినవారినే పిలవండి. పాత ఇళ్లలో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఎండిపోయి ఉంటుంది. ఆ గుంత ఎక్కడుందో ఇంట్లో వాళ్లకే గుర్తుండదు.


పద్మాక్షి_గుట్ట_కింద
నవంబరు 17, రాత్రి 10:02

చాలా కృతజ్ఞతలు అన్నా. ప్లగ్గు పీకేశాము. రేపటి నుంచి నీళ్లు గ్యాసు మీదే కాగబెడతాను. ఈ రెండు రోజులుగా చలి కూడా బాగా పెరిగింది. అత్తయ్యది పరకాల వైపు పల్లె, చిన్నప్పటి అలవాటు కొద్దీ కుంపటి అడిగారు. బొగ్గులు బయట వరండాలో రాజేసి, పొగంతా పోయి ఎర్రగా అయ్యాకే ఆమె గదిలో మంచం పక్కన పెట్టి తలుపు దగ్గరగా వేశాను. గది వెచ్చబడింది, నిద్రపోయారు. రేపు మెకానిక్ దొరికితే రాస్తాను.


గోదావరిఖని_పాతకాపు
నవంబరు 17, రాత్రి 10:06

అమ్మా, ఇది చదివిన క్షణమే లేచి వెళ్లి ఆ తలుపు తెరవండి. కిటికీలు తెరిచి, కుంపటి బయట పెట్టండి. ఆమెను నిద్ర లేపి మాట్లాడించండి. మిగతాది తరువాత చెబుతాను.


రాత్రి_డ్యూటీ
నవంబరు 17, రాత్రి 10:09

నేను నర్సును. పై మాట అక్షరాలా నిజం. ఆమెను ఆ గదిలో నుంచి బయటికి, గాలి ఆడే చోటికి తీసుకురండి. లేపితే లేవకపోయినా, మాట తడబడినా, వాంతి అయినా 108కి ఫోను చేయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ యంత్రం మీ ఇంట్లో ఉంటే దాన్ని నమ్ముకోకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రక్తంలో ఉన్నప్పుడు కూడా అది 98, 99 అని చూపిస్తుంది.


పద్మాక్షి_గుట్ట_కింద
నవంబరు 17, రాత్రి 10:27

కుంపటి బయట పెట్టాము. అత్తయ్య లేచారు. పేర్లన్నీ సరిగ్గానే చెబుతున్నారు. "తల దిమ్ముగా ఉంది, వికారంగా ఉంది" అన్నారు. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాము. నా చేతులు వణుకుతున్నాయి. నిద్ర మత్తు అనుకుని వదిలేసేదాన్ని.


రాత్రి_డ్యూటీ
నవంబరు 17, రాత్రి 10:33

తలదిమ్ము, వికారం దాని మొదటి గుర్తులే. ఆమె వయసుకు ఇంట్లో చూసుకుందామని ఆగకండి. దగ్గరలోని ఆసుపత్రికి ఇప్పుడే తీసుకెళ్లి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టాము అని వాళ్లకు విడమరిచి చెప్పండి. ఆ మాట చెప్పకపోతే బి.పి. అనో అజీర్తి అనో అనుకునే అవకాశం ఉంది. ఆక్సిజన్ పెడతారు. అదే మందు.


పద్మాక్షి_గుట్ట_కింద
నవంబరు 18, తెల్లవారుజాము 3:40

ఇంటికి వచ్చాము. ఆక్సిజన్ పెట్టి, రక్తపరీక్ష చేసి, గుండె పరీక్ష కూడా చేసి పంపించారు. తలనొప్పి తగ్గింది. ఇప్పుడు మా గదిలో నా పక్కనే పడుకున్నారు. మీ ఇద్దరికీ ఏమని చెప్పాలో తెలియడం లేదు.


గోదావరిఖని_పాతకాపు
నవంబరు 18, ఉదయం 7:15

తల్లీ, ఆమె బాగున్నారు, అదే చాలు. ఇప్పుడు రాస్తాను, ఇంకొకరికి పనికివస్తుంది.

నేను 31 ఏళ్లు బొగ్గుగనిలో పని చేశాను. భూగర్భంలోకి దిగే ప్రతివాడి నడుముకూ ఒక డబ్బా ఉంటుంది, సెల్ఫ్ రెస్క్యూయర్ అంటారు. గనిలో నిప్పు పుడితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నుంచి కాసేపు కాపాడడానికి అది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగ ఉంటే మనిషి జాగ్రత్తపడతాడు. పొగ పోయి నిప్పులు ఎర్రగా, అందంగా కనిపించినప్పుడే అది ఎక్కువ మోసం చేస్తుంది. మూసిన గదిలో గాలి సరిపోక నిప్పులు నివురుగప్పుతున్న కొద్దీ అది ఇంకా పెరుగుతుంది.

ఇంత తెలిసినవాళ్లం మేము కూడా ఇంట్లో పొరపాటు చేశాము. 1980లలో ఒక సంక్రాంతి ముందు మా అన్నయ్య ఇంట్లో బొగ్గుల పొయ్యి లోపల పెట్టుకుని పడుకున్నారు. చంటిపిల్ల కక్కుకుని ఏడిస్తే వదిన లేవబోయింది. కాళ్లు లేవలేదని తరువాత చెప్పింది. పాక్కుంటూ వచ్చి తలుపు గడియ తీసి, గడప మీదే పడిపోయింది. పక్క క్వార్టరులో ఉన్న నేను చప్పుడు విని వెళ్లి అన్నయ్యను భుజాన వేసుకుని బయటికి తెచ్చాను. అతని ముఖం పాలిపోయి లేదు, ఎర్రగా, ఆరోగ్యంగా నిద్రపోతున్నట్టే ఉంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది. అందరూ బతికారు. ఆ పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు.


నల్ల_గొంగడి
నవంబరు 18, ఉదయం 9:20

పెద్దాయన మాట కాదనను గాని, మా జనగామ వైపు నాయనమ్మల కాలం నుంచి ఇంట్లో కుంపటి ఉండేది. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు లేని ప్రమాదం ఇప్పుడెలా వచ్చింది?


గోదావరిఖని_పాతకాపు
నవంబరు 18, ఉదయం 9:48

మంచి ప్రశ్న. మీ నాయనమ్మగారి ఇల్లు పెంకుటిల్లు అయి ఉంటుంది. పెంకుల సందుల్లో నుంచి పగలు ఎండ పొడ పడేది, రాత్రి ఆ సందుల్లో నుంచే గాలి పోయేది. తలుపు కింద పిల్లి దూరేంత ఖాళీ ఉండేది. ఇప్పుడు స్లాబు, అల్యూమినియం కిటికీ, దోమలు రాకుండా రబ్బరు పట్టీ. కుంపటి అదే, ఇల్లే మారింది. అయినా అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదని మనం అనుకుంటున్నాము గాని, "రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు" అని చెప్పుకున్న చావుల్లో ఎన్ని దీనివల్లనో ఎవరు చూశారు?


నల్ల_గొంగడి
నవంబరు 18, ఉదయం 10:05

ఒప్పుకుంటున్నాను. మా అమ్మకు ఇప్పుడే ఫోను చేసి చెప్పాను.


కరీంనగర్_కిరాయి
నవంబరు 18, ఉదయం 11:30

మా ఇంటి యజమాని బాత్రూంలో గ్యాసు గీజరు పెట్టిస్తానంటున్నారు. కరెంటు ఖర్చు ఉండదని. దానికి కూడా ఇదే ప్రమాదం ఉంటుందా?


రాత్రి_డ్యూటీ
నవంబరు 18, మధ్యాహ్నం 12:10

ఉంటుంది. అది కూడా నిప్పే. చిన్న బాత్రూం, మూసిన తలుపు, మూసిన వెంటిలేటరు ఉన్నచోట స్నానానికి వెళ్లినవారు అక్కడే కూలిపోతారు. పెట్టాల్సివస్తే గీజరు బయటి గోడకు ఉండాలి, గొట్టం ఒక్కటే లోపలికి రావాలి. లోపల పెడతామంటే వద్దని చెప్పండి. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు.


ఉట్నూరు_చలిమంట
నవంబరు 18, సాయంత్రం 6:45

మొత్తం చదివాను. మా ఏజెన్సీలో దండారి (గోండుల దీపావళి పండుగ) ముగిసి, ఆ పండుగలో ఆడే గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు విప్పే నాటికే చలి దిగుతుంది. టీవీలో చలి వార్తలప్పుడు సిర్పూర్ (యు), గిన్నెదరి అని వినిపిస్తుంటాయి కదా, అవి మా చుట్టుపక్కల ఊళ్లే. ఒక్క అంకె ఉష్ణోగ్రతలు మాకు ప్రతి ఏడాదీ ఉండేవే. ఇక్కడ పల్లెల్లో మంట వాకిట్లోనే వేస్తారు, లోపల కాదు. చుట్టూ కూర్చుని ఒళ్లు కాచుకుని, ఆ వేడితోనే లోపలికి వెళ్లి గొంగడి కప్పుకుంటారు. ఆ పద్ధతిలో ఎంత తెలివి ఉందో నిన్న రాత్రి నాకు తెలిసింది.

నేను చదువు చెప్పే వసతి పాఠశాలలో ఒకప్పుడు పిల్లలకు పొద్దున అయిదున్నరకు చన్నీళ్ల స్నానం ఉండేది. మూడో తరగతి పిల్లవాడు ఒకడు నీళ్ల చెంబు రెండు చేతులతో పట్టుకుని, పోసుకునే ముందు గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ చెంబు దించేవాడు. అలా ఎన్నిసార్లో. మడమలు పగిలి నెత్తురు కనిపించేది. అది చూశాక స్నానాలు మధ్యాహ్నం బడి విరామంలోకి మార్చాము. మేడ మీద నల్లరంగు వేసిన డ్రమ్ములు ఎండలో పెట్టాము, ఒంటిగంటకు గోరువెచ్చగా ఉంటాయి. పిల్లలు ఇప్పుడు వరుస తప్పి ముందుకు తోసుకుంటూ వస్తారు. వృద్ధులకు కూడా చలి నెలల్లో పదకొండు తరువాత స్నానమే మేలని నా అభిప్రాయం. అత్తయ్యగారు ఒప్పుకోరేమో గాని, అడిగి చూడండి.


పద్మాక్షి_గుట్ట_కింద
నవంబరు 18, రాత్రి 8:20

సార్, అడిగాను. "కార్తీకం వెళ్లాక చూద్దాం" అన్నారు. ఈ నెల మాత్రం అయిదు గంటలే అని పట్టు.

కుంపటి లేకుండా గది వెచ్చగా ఉంచే మార్గం చెప్పండి. రూము హీటరు కొందామంటున్నారు మావారు. పుష్యమాసంలో పూసగుచ్చ పొద్దుండదు అంటారు, అసలు చలి ఇంకా ముందే ఉంది.


లెక్కల_పద్దు
నవంబరు 18, రాత్రి 9:05

కొనే ముందు ఈ లెక్క చూడండి. 2,000 వాట్ల హీటరు రాత్రంతా ఎనిమిది గంటలు వేస్తే 16 యూనిట్లు. పన్నెండున్నర రోజుల్లో 200 యూనిట్లు దాటుతుంది. గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే, ఆ నెల 200 దాటినందుకు మొత్తం బిల్లు కట్టాలి. స్నానం నీళ్లు అంత భారం కావు. 15 లీటర్లను 20 డిగ్రీల నుంచి 50కి తేవడానికి అర యూనిట్‌కు కాస్త ఎక్కువ, పావుగంట పైచిలుకు సమయం. కాబట్టి గీజరును అరగంట ముందు వేసి ఆపేయండి, హీటరును పడుకునే ముందు ఒక గంట వేసి ఆపేయండి.


స్విచ్చు_బోర్డు
నవంబరు 18, రాత్రి 9:22

హీటరు కొంటే నూనె నింపిన రకం కొనండి, తీగ ఎర్రగా బయటికి కనిపించేది వద్దు. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్టులోనే పెట్టాలి. చిన్న సాకెట్టుకు మార్చే ప్లగ్గులు, పొడుగు వైరు బోర్డులు ఈ నెలల్లోనే కరిగిపోతాయి. ప్రతి డిసెంబరులో అలా కరిగి అంటుకుపోయినవి నేను కనీసం నాలుగైదు పీకుతాను. దుప్పటి, దోమతెర మీటరు దూరంలో ఉండాలి.


రాత్రి_డ్యూటీ
నవంబరు 18, రాత్రి 9:50

వేడినీళ్ల రబ్బరు సంచి కూడా మంచిదే. అయితే మరిగే నీళ్లు పోయకండి, మూడింట రెండు వంతులే నింపి, గాలి ఒత్తి తీసేసి, తువ్వాలు చుట్టి ఇవ్వండి. అత్తయ్యగారికి షుగరు ఉందా? ఉంటే పాదాల దగ్గర పెట్టకండి. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, కాలుతున్నా తెలియదు. పొద్దున బొబ్బలతో వచ్చేవారిని ప్రతి చలికాలం చూస్తాను. పక్కలో ముందుగా పెట్టి, ఆమె పడుకునేటప్పుడు తీసేస్తే చాలు.


నల్ల_గొంగడి
నవంబరు 18, రాత్రి 10:15

పైన ఎన్ని కప్పినా కింద నుంచి చలి లాగేస్తుంది. బండల నేల, ఇనుప మంచం అయితే మరీ. పరుపు కింద ఒక గొంగడి పరవండి. కొత్తవాడలో నేసే వరంగల్ దరీ ఒకటి మంచం పక్కన వేయండి. తెల్లవారుజామున లేచి బండ మీద వట్టికాలు మోపే క్షణమే పెద్దవాళ్లకు కష్టం. గొంగడి గరుకుగా ఉంటుందని ఈ తరం ఇష్టపడదు. మా ఇంట్లో తాతయ్య గొంగడి ఇంకా ఉంది. వాన చినుకు పడితే పైనుంచి జారిపోతుంది గాని లోపలికి ఇంకదు. ఉతికిన కొద్దీ అది మెత్తబడుతుంది.


పద్మాక్షి_గుట్ట_కింద
నవంబరు 22, మధ్యాహ్నం 2:30

నిన్న మెకానిక్ వచ్చారు, ఫోనులో చెప్పినాయన కాదు, వేరొకరు. స్విచ్చు బోర్డు అన్న చెప్పినట్టే ఉంది, మీటల పెట్టె విప్పగానే ఎం.సి.బి. కింద స్క్రూ వేలితో తిరిగింది. అక్కడ వైరు తొడుగు కాలిన చింతపండు రంగులో ఉంది.

గీజరు దింపి రాడ్డు బయటికి తీస్తే, కోడిగుడ్డు పెంకుల లాంటి సున్నం దాని చుట్టూ వేలు మందాన గడ్డకట్టి ఉంది. తట్టితే పెచ్చులుగా రాలింది. ఆ సున్నం కింద వంపు దగ్గర వెంట్రుక మందాన చీలిక కనిపించింది. పక్కనే మరో తీగ వేలాడుతుంటే ఏమిటని అడిగాను. అది మెగ్నీషియం కడ్డీయట. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తనే కరిగిపోతూ ఉంటుందట. బొటనవేలంత ఉండాల్సింది లోపలి తీగ మాత్రమే మిగిలింది. ఏడేళ్లలో మేము ఒక్కసారి కూడా గీజరు విప్పించలేదు.

బాత్రూం సాకెట్టు విప్పినప్పుడు ఆయన మమ్మల్ని పిలిచి చూపించారు. ఆకుపచ్చ ఎర్తు వైరు గోడ లోపల ఉంది. కొసకు టేపు చుట్టి, మడిచి వెనక్కి తోసేశారు. సాకెట్టుకు తగిలించనే లేదు. ఇల్లు కట్టిన నాటి నుంచి అంతే. 20 ఏళ్లు ఆ బాత్రూంలో పిల్లలకు స్నానాలు చేయించాను.

రాడ్డు, కడ్డీ కొత్తవి వేశారు. ట్యాంకులోని సున్నం నిమ్మ ఉప్పు నీళ్లతో నానబెట్టి కడిగారు. ఎర్తు కలిపి, గుంత వెతికి నీళ్లు పోయించారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు బయటికి కారితే వెంటనే ఆపేసే మీట) కొత్తగా పెట్టించాము. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. గీజరు వేడెక్కుతున్నప్పుడు పక్కనున్న వాల్వు నుంచి బొట్లు పడుతున్నాయి. మావారు దానికి బిరడా పెట్టిద్దామంటున్నారు.


స్విచ్చు_బోర్డు
నవంబరు 22, మధ్యాహ్నం 3:05

బిరడా పెట్టనివ్వకండి అమ్మా! నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకు చేరితే పావు లీటరుకు కాస్త తక్కువగా పెరుగుతాయి. ఆ పెరిగిన నీరే బొట్లుగా వస్తోంది. దారి మూసేస్తే ఒత్తిడి ట్యాంకు మీద పడుతుంది, పేలిపోయే ప్రమాదం ఉంది. కింద చిన్న పైపు పెట్టి మోరీలోకి వదలండి. వేడెక్కనప్పుడు కూడా ఆగకుండా కారితేనే వాల్వు మార్చాలి. ఆర్.సి.సి.బి. మీద ఉన్న టెస్ట్ మీటను నెలకు ఒకసారి నొక్కి చూడండి, టక్కున పడాలి. మీ బోరు నీళ్లకు ఆ మెగ్నీషియం కడ్డీని ఏడాదికి ఒకసారి, దసరా ముందు విప్పించి చూడండి.


పద్మాక్షి_గుట్ట_కింద
నవంబరు 22, సాయంత్రం 5:40

అలాగే అన్నా. ఈ ఉదయం నేను ముందు వట్టికాళ్లతో నిలబడి, మెకానిక్ చెప్పినట్టు టెస్టరు పెట్టి చూసి, ఆ తరువాతే అత్తయ్యను పిలిచాను. అయిదు గంటలకు స్నానం చేశారు, దీపం పెట్టారు. తులసికోట దగ్గర కూడా ఇప్పుడు దరీ ముక్క వేశాను. కుంపటి కడిగి మేడ మీద పెట్టాము, మక్క కంకులు కాల్చుకోవడానికి.


కరీంనగర్_కిరాయి
నవంబరు 22, రాత్రి 9:10

అక్కా, మీ పోస్టు చదివి నేను కూడా ఒక మెకానిక్‌ను పిలిచి సాకెట్టు విప్పించాను. మాకు ఎర్తు వైరే లేదు, మూడో రంధ్రం వెనుక ఖాళీ. ఇంటి యజమానికి ఫోటో పంపాను, వచ్చే నెల చూద్దామంటున్నారు. అప్పటిదాకా బకెట్టులో పెట్టే రాడ్డు వాడుకోవచ్చా?


స్విచ్చు_బోర్డు
నవంబరు 22, రాత్రి 9:18

ఎర్తు లేని సాకెట్టులో రాడ్డు ఇంకా ప్రమాదం తమ్ముడూ. అప్పటిదాకా గ్యాసు పొయ్యి మీద కాగబెట్టుకో. యజమానికి ఈ పోస్టు మొత్తం పంపించు. ఆయన ఫోను నంబరు నాకు ప్రైవేటు సందేశంలో ఇస్తే నేను కూడా మాట్లాడతాను.